పై అంకె చూసి మురిసిపోవద్దు... కింది అంకె అడగండి!

బాస్కెట్‌బాల్ పొడగరుల లెక్కలు నేర్పే ఉద్యోగ పాఠం

రాంగోపాల్‌పేట్ పక్కనే రాణిగంజ్. నట్లు, బోల్టులు, బేరింగులు, పైపులు అమ్మే దుకాణాలు వరసగా ఉంటాయి. అక్కడికెళ్లి 'ఒక బోల్టు ఇవ్వండి' అని అడిగి చూడండి. కొట్టాయన చేయి అరలోకి పోదు. ముందు ఒక ప్రశ్న వస్తుంది... 'నట్టు తెచ్చినవా?' ఏ నట్టులో బిగించాలో తెలియకుండా బోల్టు సైజు ఎంత పెద్దదైనా ఉపయోగం లేదు.

అంకెలూ అంతే. 'మ్యాచ్‌కు 10 రీబౌండ్లు', '95 శాతం ప్లేస్‌మెంట్లు', 'మా మోడల్ 95 శాతం కరెక్ట్'... ఇవన్నీ నట్టు లేని బోల్టులే. చిన్నప్పుడు భిన్నాలు నేర్చుకున్నాం కదా. పైన ఉండేది లవం, కింద ఉండేది హారం. ప్రకటనల్లో లవం మాత్రమే కనిపిస్తుంది. హారం మనమే అడగాలి. డేటా అనలిస్ట్, బిజినెస్ అనలిస్ట్ ఇంటర్వ్యూల్లో అభ్యర్థులు తడబడేది ఎక్కువగా ఇక్కడే. టూల్స్ వస్తాయి, కోడ్ వస్తుంది. 'ఈ అంకె ఎంతలో ఎంత?' అనగానే నోరు పెగలదు.

ఈ విద్య నేర్చుకోవడానికి బాస్కెట్‌బాల్ మంచి బడి. అందులోనూ 'బిగ్ మెన్' అని పిలిచే పొడగరుల లెక్కలు. బుట్ట దగ్గర నిలబడే సెంటర్, పవర్ ఫార్వర్డ్‌లనే బిగ్ మెన్ అంటారు. రీబౌండ్ పట్టడం, ప్రత్యర్థి షాట్‌ను బ్లాక్ చేయడం, తోటివారికి స్క్రీన్ పెట్టి దారి ఇవ్వడం వీళ్ల పని. చూసేవాళ్లను ఎక్కువగా మోసం చేసేవి కూడా వీళ్ల అంకెలే. 2025లో అమెరికా ఎన్‌బీఏ టైటిల్ గెలిచిన ఓక్లహోమా సిటీ థండర్ జట్టునే ఉదాహరణగా తీసుకుందాం.

గెలుస్తున్న జట్టులో ఒక చిల్లు

2023-24 సీజన్‌లో థండర్ 82 మ్యాచ్‌ల్లో 57 గెలిచింది. వెస్ట్రన్ కాన్ఫరెన్స్‌లో అగ్రస్థానం. ఏడడుగుల ఒక అంగుళం ఎత్తున్న చెట్ హోమ్‌గ్రెన్ మొత్తం 82 మ్యాచ్‌లూ ఆడాడు. సగటున 16.5 పాయింట్లు, 7.9 రీబౌండ్లు, 2.3 బ్లాకులు. సెంటర్ అయి ఉండీ దూరం నుంచి త్రీ పాయింటర్లు కూడా వేస్తాడు. కాగితం మీద చూస్తే లోటేమీ కనిపించదు.

లోటు రీబౌండ్ల దగ్గర ఉంది. 30 జట్ల లీగ్‌లో రీబౌండింగ్‌లో ఈ జట్టుది అట్టడుగు వరస. హోమ్‌గ్రెన్ పొడగరే గానీ సన్నటి మనిషి. బుట్ట కింద తోపులాటలో బరువైన సెంటర్లు అతన్ని పక్కకు నెట్టేవాళ్లు. ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో డాలస్ మావెరిక్స్ చేతిలో 4-2 తేడాతో థండర్ ఓడిపోయింది. డాలస్‌కు డెరెక్ లైవ్లీ, డేనియల్ గాఫర్డ్ అనే ఇద్దరు గట్టి సెంటర్లు ఉన్నారు.

థండర్ యాజమాన్యం ఏం చేసింది? ఎక్కువ పాయింట్లు కొట్టేవాడి కోసం వెతకలేదు. 2024 వేసవిలో న్యూయార్క్ నిక్స్ నుంచి ఐజయా హార్టెన్‌స్టైన్‌ను మూడేళ్లకు 8.7 కోట్ల డాలర్ల ఒప్పందంతో తెచ్చుకుంది. అంతకుముందు సీజన్‌లో అతని సగటు ఎంతో తెలుసా? 7.8 పాయింట్లు, 8.3 రీబౌండ్లు. ఈ అంకెలకు అంత డబ్బా అని మామూలు అభిమాని నోరెళ్లబెడతాడు. అనలిస్టు మాత్రం ఒక ప్రశ్న వేస్తాడు... 'ఎన్ని నిమిషాల్లో?'

నిమిషాల లెక్క

న్యూయార్క్‌లో హార్టెన్‌స్టైన్ ఆడింది మ్యాచ్‌కు 25 నిమిషాలు. ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు. అంటే సగానికి కాస్త ఎక్కువ సేపే అతను కోర్టులో ఉన్నాడు. ఇలాంటప్పుడు అందరినీ ఒకే కొలతకు తేవడానికి '36 నిమిషాలకు ఎంత?' అని లెక్క వేస్తారు. మొత్తాన్ని ఆడిన నిమిషాలతో భాగించి 36తో గుణిస్తే చాలు.

2024-25 సీజన్ చూద్దాం. ఓక్లహోమాలో హార్టెన్‌స్టైన్ సగటు 27.9 నిమిషాల్లో 10.7 రీబౌండ్లు. డెన్వర్ నగెట్స్ సెంటర్ నికోలా యోకిచ్ 36.7 నిమిషాల్లో 12.7 రీబౌండ్లు. హోమ్‌గ్రెన్ 27.4 నిమిషాల్లో 8. మొదటి చూపులో యోకిచ్ ముందున్నాడు. 36 నిమిషాలకు మార్చండి. హార్టెన్‌స్టైన్ 13.8, యోకిచ్ 12.5, హోమ్‌గ్రెన్ 10.5. వరస తారుమారైంది.

అయితే హార్టెన్‌స్టైన్ యోకిచ్ కంటే గొప్పవాడా? తొందరపడొద్దు. అదే సీజన్‌లో యోకిచ్ సగటు 29.6 పాయింట్లు, 10.2 అసిస్టులు కూడా. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడింటిలోనూ సీజన్ సగటు రెండంకెలు దాటిన తొలి సెంటర్ అతనే. డెన్వర్ ఆట మొత్తం అతని చేతుల మీదుగానే నడుస్తుంది. పైగా 28 నిమిషాలు ఆడేవాడు 37 నిమిషాలు ఆడితే అదే జోరు నిలుస్తుందన్న హామీ లేదు. అలసట వస్తుంది, ఫౌల్స్ పెరుగుతాయి. హారం మార్చగానే జవాబు దొరికిపోదు. సరైన ప్రశ్న దొరుకుతుంది.

మన కాలేజీ మ్యాచ్‌లు పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, మొత్తం 40 నిమిషాలే. ఎన్‌బీఏ సగటుతో కాలేజీ ఆటగాడి సగటును నేరుగా పోల్చడం కూడా అందుకే తప్పు.

నిమిషాల కంటే మెరుగైన హారం ఇంకొకటుంది... 'అవకాశాలు'. ఒక ఊహాజనిత ఉదాహరణ. కోర్టులో ఉన్నంతసేపు 40 షాట్లు బుట్టలో పడకుండా వెనక్కి వస్తే ఒకతను 10 పట్టుకున్నాడు. ఇంకొకతని ముందు 20 మాత్రమే వచ్చాయి, 8 పట్టుకున్నాడు. స్కోరుబోర్డులో మొదటివాడు మెరుగు. అవకాశాల లెక్కలో మొదటివాడిది 25 శాతం, రెండోవాడిది 40 శాతం. డీన్ ఆలివర్ 2004లో ప్రచురించిన 'బాస్కెట్‌బాల్ ఆన్ పేపర్' పుస్తకం ఈ తరహా ఆలోచనను జట్ల యాజమాన్యాల దాకా తీసుకెళ్లింది. షూటింగ్, టర్నోవర్లు, రీబౌండ్లు, ఫ్రీ త్రోలు అనే నాలుగు అంశాలను 'ఎన్ని అవకాశాల్లో ఎన్ని' అన్న కొలతతోనే చూడాలన్నది ఆయన వాదన.

ఆడితేనే కదా అంకె!

2024-25లో హోమ్‌గ్రెన్ సగటు 15 పాయింట్లు, 8 రీబౌండ్లు, 2.2 బ్లాకులు. అంతకుముందు ఏడాదికీ దీనికీ పెద్ద తేడా లేదు. కానీ ఆడిన మ్యాచ్‌లు 32 మాత్రమే. 2024 నవంబర్‌లో తుంటి ఎముక విరిగి ఫిబ్రవరిలో తిరిగొచ్చాడు. హార్టెన్‌స్టైన్ చేతి గాయంతో ఆలస్యంగా మొదలుపెట్టి 57 మ్యాచ్‌లు ఆడాడు. నవంబర్‌లో కొన్నాళ్లు ఇద్దరూ లేరు. అప్పుడు ఆరడుగుల ఐదంగుళాల జేలెన్ విలియమ్స్ సెంటర్ స్థానంలో నిలబడ్డాడు. అయినా ఆ సీజన్‌లో థండర్ 68 మ్యాచ్‌లు గెలిచింది. పొడగరులు బలమే గానీ, జట్టు మొత్తం వాళ్ల మీదే ఆధారపడి లేదని దీని అర్థం.

శాన్ ఆంటోనియో స్పర్స్ సంచలనం విక్టర్ వెంబన్యామాది మరో కథ. 2024-25లో మ్యాచ్‌కు 3.8 బ్లాకులతో లీగ్‌లోనే మొదటివాడు. భుజంలో రక్తం గడ్డకట్టడంతో 46 మ్యాచ్‌లకే ఆగిపోయాడు. ప్రధాన అవార్డులకు కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలన్న నిబంధన 2023-24 నుంచి ఉంది. దాంతో ఉత్తమ డిఫెండర్ అవార్డు క్లీవ్‌లాండ్ ఆటగాడు ఇవాన్ మోబ్లీకి దక్కింది. సగటు ఎంత మెరిసినా హాజరు కూడా ఒక లెక్కే. అటెండెన్స్ షార్టేజీతో పరీక్ష రాయలేకపోయిన మిత్రుణ్ని గుర్తు చేసుకోండి, తేలిగ్గా అర్థమవుతుంది.

లెక్కలోకి రాని పని

బ్లాకుల సంఖ్యలో ఇంకో చిక్కుంది. షాట్ వేస్తేనే బ్లాక్. ఏడడుగుల మనిషి బుట్ట ముందు నిలబడి ఉంటే చాలామంది లోపలికి రాకుండానే వెనక్కి తిరిగి బంతిని బయటికి పాస్ చేస్తారు. ఆ వేయని షాట్ ఏ కాలమ్‌లోనూ రాదు. రక్షణ ఎంత బాగుంటే బ్లాక్ చేసే అవకాశాలు అంత తగ్గే వీలూ ఉంది.

రీబౌండ్లలోనూ ఇంతే. హార్టెన్‌స్టైన్ లాంటి బలశాలి ప్రత్యర్థి సెంటర్‌ను తన వీపుతో అడ్డుకుని నిలబడితే, పక్కనున్న గార్డు వచ్చి తాపీగా బంతి పట్టుకుంటాడు. రీబౌండ్ గార్డు ఖాతాలో పడుతుంది, కష్టం సెంటర్‌ది. అందుకే అనలిస్టులు 'ఇతను ఎన్ని పట్టాడు' దగ్గర ఆగరు. 'ఇతను కోర్టులో ఉన్నప్పుడు జట్టు ఎన్ని పట్టింది, బెంచీ మీద ఉన్నప్పుడు ఎన్ని పట్టింది' అని కూడా చూస్తారు.

ఈ లెక్కకూ ఒక బలహీనత ఉంది. పక్కన ఎవరున్నారన్నది ఫలితాన్ని మార్చేస్తుంది. ఓక్లహోమాలో షే గిల్జస్-అలెగ్జాండర్ ఆ సీజన్‌లో సగటున 32.7 పాయింట్లు కొట్టి లీగ్‌లో టాప్ స్కోరర్ అయ్యాడు. ప్రత్యర్థులు అతని మీదికి ఎగబడుతుంటే హోమ్‌గ్రెన్‌కు ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలో వేసిన షాట్ల శాతం చూసి 'ఏ జట్టులో ఉన్నా ఇంతే వేస్తాడు' అనుకుంటే పొరపాటు.

శాతం మారలేదు, ఆట మారింది

2025 ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో థండర్, డెన్వర్ తలపడ్డాయి. సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది. మే 18న జరిగిన ఆ మ్యాచ్‌లో థండర్ 125-93తో గెలిచింది. యోకిచ్ 9 షాట్లు వేసి 5 బుట్టలో వేశాడు. అంటే దాదాపు 56 శాతం. సీజన్ అంతటా అతని సగటు దాదాపు 58 శాతం. శాతం ఒక్కటే చూస్తే 'ఆటగాడు బాగానే ఆడాడు, జట్టు ఓడిపోయింది' అనేస్తాం.

హారం చూడండి. తొమ్మిదే షాట్లు! మామూలుగా మ్యాచ్‌కు వేసేవాటిలో సగం కూడా కాదు. కారణం అలెక్స్ కరూసో. ఎత్తు ఆరడుగుల ఐదంగుళాలు. తనకంటే ఆరంగుళాలు పొడవైన యోకిచ్‌కు ముందు నిలబడి, బంతి చేతికే అందకుండా చేశాడు. వెనక పొడగరులు కాపు కాశారు. షాట్ చెడగొట్టలేదు, షాటే దొరకనివ్వలేదు. శాతంలో ఇది కనిపించదు.

ఆ తర్వాత ఇండియానా పేసర్స్‌తో ఫైనల్స్. ఇండియానా వేగంగా పరిగెత్తే జట్టు. వాళ్ల అప్పటి సెంటర్ మైల్స్ టర్నర్ త్రీ పాయింటర్లు వేసేవాడు. రీబౌండ్ల కోసం తెచ్చుకున్న హార్టెన్‌స్టైన్ ఇక్కడ బరువవుతాడని కోచ్ మార్క్ డెగ్నాల్ట్ భావించి, తొలి మ్యాచ్‌కు అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆ మ్యాచ్ 111-110తో చేజారింది. మూడు మ్యాచ్‌ల తర్వాత సిరీస్‌లో 2-1తో వెనకబడ్డాక నాలుగో మ్యాచ్‌లో మళ్లీ మొదటి అయిదుగురిలోకి తెచ్చాడు. చివరికి జూన్ 22న ఏడో మ్యాచ్‌లో 103-91తో టైటిల్ థండర్ సొంతమైంది. ఆ రోజు హోమ్‌గ్రెన్ 18 పాయింట్లు, 8 రీబౌండ్లు, 5 బ్లాకులు చేశాడు.

ఒకే ఆటగాడు ఒక ప్రత్యర్థి మీద బలం, ఇంకో ప్రత్యర్థి మీద బలహీనత. 'మంచి సెంటర్' అన్న మాటకు విడిగా అర్థం లేదు. ఎవరి మీద, ఏ పనికి అన్నది కలిపి చెప్పాలి. నట్టు, బోల్టు లెక్క ఇదే.

ఒక్క రాత్రిని నమ్మొద్దు

విల్ట్ చాంబర్లేన్ 1962 మార్చి 2న ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టాడు. ఆ రికార్డు ఇప్పటికీ ఉంది. ఆ రాత్రి అతను 32 ఫ్రీ త్రోలలో 28 వేశాడు. 87.5 శాతం! కెరీర్ మొత్తం మీద అతని ఫ్రీ త్రో సగటు 51.1 శాతం. ఆ ఒక్క మ్యాచ్ కాగితం చూసి 'ఫ్రీ త్రోలలో దిట్ట' అని ఎంపిక చేసి ఉంటే ఏమయ్యేది? షకీల్ ఓనీల్ కెరీర్ సగటు కూడా 52.7 శాతమే. అందుకే ప్రత్యర్థులు కావాలనే అతనికి ఫౌల్ చేసి ఫ్రీ త్రో లైన్‌కు పంపేవాళ్లు. ఆ ఎత్తుగడకు 'హ్యాక్ ఎ షాక్' అని పేరే పడిపోయింది. దీర్ఘకాలపు లెక్క బయటపెట్టిన బలహీనత మీద ప్రత్యర్థి వ్యూహం నిలబడుతుంది. ఒక్క రాత్రి మెరుపు దాన్ని చెరపలేదు.

ఎత్తు తలుపు తీస్తుంది, అంతే

మన దేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి ఆటగాడు పంజాబ్‌కు చెందిన సత్నామ్ సింగ్. ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు. 2015లో డాలస్ మావెరిక్స్ 52వ ఎంపికగా తీసుకుంది. దేశమంతా సంబరపడింది. కానీ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు. ఎత్తు అతన్ని తలుపు దాకా తీసుకెళ్లింది. వేగం, ఫుట్‌వర్క్, దూరం నుంచి షాట్ వేయగలగడం... ఇవన్నీ ఈనాటి ఆట పొడగరుల నుంచి కూడా అడుగుతోంది.

సికింద్రాబాద్ వైఎంసీఏ కోర్టులో ఆడే పొడగరి పిల్లలకు ఇది వర్తిస్తుంది. బాస్కెట్‌బాల్ పుట్టిందే వైఎంసీఏలో. 1891 డిసెంబర్‌లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ శిక్షణ కళాశాల అధ్యాపకుడు జేమ్స్ నెయిస్మిత్ ఈ ఆటను రూపొందించాడు. మనకు కూతవేటు దూరంలోని రైల్‌నిలయంలో దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. రైల్వేల్లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలున్నాయి. ఆ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు సర్టిఫికెట్లతో పాటు తమ ఆట లెక్కలు కూడా రాసి పెట్టుకోండి. ఎన్ని నిమిషాలు ఆడారు, ఎన్ని అవకాశాల్లో ఎన్ని రీబౌండ్లు, ఫ్రీ త్రో శాతం ఎంత. ఏది మెరుగుపరచుకోవాలో మీకే తెలుస్తుంది.

మీ ఉద్యోగానికి దీంతో పనేంటి?

ఆడేవాళ్ల సంగతి సరే, మిగతావాళ్లకు? ఇదే చూపుతో మూడు చోట్ల చూడండి.

ఒకటి, ప్లేస్‌మెంట్ ప్రకటనలు. ఒక కాలేజీ అనుకుందాం. ఫైనలియర్‌లో 600 మంది. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లను, కటాఫ్ మార్కులు రానివాళ్లను తీసేస్తే అర్హులు 200 మంది. ఉద్యోగాలు వచ్చింది 190 మందికి. బోర్డు మీద '95 శాతం ప్లేస్‌మెంట్లు' అని రాస్తారు. అబద్ధం కాదు. కానీ 600లో చూస్తే 32 శాతం కూడా లేదు. ఒకే విద్యార్థికి వచ్చిన మూడు ఆఫర్లను మూడుగా లెక్కించారా అన్నది ఇంకో ప్రశ్న. 'అత్యధిక ప్యాకేజీ' అన్నది చాంబర్లేన్ 100 పాయింట్ల రాత్రి లాంటిది. మీరు అడగాల్సింది మధ్యలో ఉన్నవాడి జీతం, అంటే మీడియన్. కోర్సు ఫీజు కట్టే ముందు కోచింగ్ సెంటర్‌లో అడగండి... 'గత బ్యాచ్‌లో ఎంతమంది చేరారు? మధ్యలో మానేసినవాళ్లను కలిపే చెబుతున్నారా?' జవాబు తడబడిందంటే ఆలోచించుకోవాల్సిందే. అమ్మానాన్న అప్పు చేసి కట్టే ఫీజు అది.

రెండు, మీ ప్రాజెక్టు. '95 శాతం ఆక్యురసీ' అని రెజ్యుమెలో రాస్తారు. మీ డేటాలో 100 లావాదేవీలకు 95 సరైనవే అయితే, అన్నింటినీ కళ్లు మూసుకుని 'సరైనవే' అనే మోడల్‌కూ 95 శాతమే వస్తుంది. మోసపు లావాదేవీ ఒక్కటీ పట్టుకోదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ముందు పట్టుకునేది ఇదే.

మూడు, మీ గురించి మీరు చెప్పుకొనే మాట. 'టీమ్‌తో కలిసి 40 శాతం సమయం ఆదా చేశాం' అంటే ఏ పనిలో, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటలకు, అందులో మీ వంతు ఎంత? రీబౌండ్ ఎవరు పట్టారు, అడ్డుగా ఎవరు నిలబడ్డారు అన్నట్టే ఇదీ. మీ వంతు చిన్నదైనా నిజాయతీగా చెబితే నమ్ముతారు.

ఈ వారమే మొదలుపెట్టండి

ఖర్చు లేని ప్రాజెక్టు ఒకటి. ఎన్‌బీఏ గణాంకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక జట్టు, ఇద్దరు ముగ్గురు సెంటర్లు చాలు. ఎక్సెల్‌లో వేసుకోండి. ముందు సగటు, తర్వాత 36 నిమిషాల లెక్క, తర్వాత రీబౌండ్ అవకాశాల శాతం. ఎస్‌క్యూఎల్, పైథాన్ వచ్చినవాళ్లు అదే పని వాటిలో చేయండి. వరస ఎక్కడ మారింది, ఎందుకు మారింది అని ఒక పేజీ రాయండి. చివర్లో 'ఈ లెక్క చెప్పలేనిది ఏమిటి' అని నాలుగు వాక్యాలు కచ్చితంగా ఉండాలి. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడించేవి ఆ నాలుగే.

ఇంకా మంచిది, మీకు దగ్గర్లోని కోర్టుకు నోటుపుస్తకంతో వెళ్లండి. ఒక మ్యాచ్ మొత్తం ఒకే సెంటర్‌ను చూడండి. కోర్టులో ఎంతసేపున్నాడు, వెనక్కి వచ్చిన బంతులెన్ని, పట్టినవెన్ని, అతన్ని చూసి ప్రత్యర్థి వెనక్కి తిరిగిన సందర్భాలెన్ని. ఆ చివరి కాలమ్ ఏ వెబ్‌సైట్‌లో నుంచీ డౌన్‌లోడ్ చేసుకున్నది కాదు. మీరు చూసి రాసిన డేటా. రెజ్యుమెలో ఆ ఒక్క లైను వంద సర్టిఫికెట్ల మధ్య కూడా కంటపడుతుంది.

రేపు ఇంటర్వ్యూలో ఏ అంకె చెప్పినా 'ఎంతలో?' అన్న ప్రశ్న వస్తుంది. అది వాళ్లు అడిగేలోపే మీరు చెప్పేయండి.